కొత్త కారూ, కోడెల తాతా

ఇప్పటి జనం షోరూములో తాళం చేతికొచ్చిన పూటే కారును కొండలెక్కిస్తున్నారు, అది కూడా కిక్కురుమనకుండా ఎక్కుతోంది. నేను డ్రైవరు పనిలో పడిన కాలంలో అట్ల కాదు. అప్పుడు మేమంతా మద్రాసు ప్రభుత్వం కింద ఉండేవాళ్ళం, మా మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. రోడ్డు మీద ఒక కారు పోతే దాని వెనక దుమ్ము, దుమ్ము వెనక పిల్లకాయలు, పిల్లకాయల వెనక కుక్కలు పరుగెత్తేవి. కొత్త కారును కొన్న వెంటనే జోరుగా తోలకూడదు, కొన్ని వందల మైళ్ళు మెల్లగా తిప్పాలి, ఇంజను లోపలి ఇనుము ఒకదానికొకటి ఒరుసుకొని నునుపెక్కాలి, లేకపోతే వేడెక్కి పట్టేస్తుంది. ఈ సంగతి నాకు పుస్తకం చదివితే తెలిసింది. మా కోడెల తాతకు చదవకుండానే తెలుసు. మెల్లగా తిప్పకపోతే ఏమవుతుందో మాత్రం మా ఇద్దరిలో నేనే చేసి చూపించినాను.

మా మేనమామకు మార్కాపురం దగ్గర పలకల గని ఉండేది. (మీ నాయనో తాతో అక్షరాలు దిద్దిన పలక మా గనిదే అయి ఉండొచ్చు. ఈ మాట మా మామ కనిపించిన ప్రతి మనిషికీ చెప్పేవాడు.) ఒక ఏడు పలకలు బాగా అమ్ముడుపోయి, ఆయనకు కారు మీద మనసు పుట్టింది. మద్రాసు నుంచి గూడ్సు బండిలో నల్లటి కారు దిగింది. దాంతో వచ్చిన కంపెనీ మనిషి ఒక ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో పెట్టి, "ఐదువందల మైళ్ళ దాకా గంటకు ఇరవై దాటనీయొద్దు" అని రెండుసార్లు చెప్పి, వచ్చిన రైలులోనే తిరిగి పోయినాడు. నా సంగతి చెప్పాలంటే, స్కూలు ఫైనలు రెండుసార్లు తప్పి, బస్సులో ఏడాది క్లీనరుగా చేసి, కర్నూలు పోయి లైసెన్సు తెచ్చుకున్న పంతొమ్మిదేళ్ళ మొనగాణ్ణి. మామ నన్ను ఎగాదిగా చూసి, "అల్లుడా, ఐదువందల మైళ్ళు తేడా రాకుండా తిప్పినావా, ఈ కారుకు నువ్వే డ్రైవరువి. తేడా వచ్చిందా, చంద్రశేఖరపురం పోయి మీ నాయనతో గొర్రెలు కాచుకో" అన్నాడు. గొర్రెలంటే నాకు కోపమేం లేదు గానీ, స్టీరింగు పట్టుకున్న చేత్తో మళ్ళీ కర్ర పట్టుకోవాలంటే చచ్చినంత పని. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

మా మామకు పుస్తకం మీదా నమ్మకం లేదు, నా మీదా లేదు. ఆయన నమ్మింది కోడెల తాతను. తాత మాకు చుట్టమేం కాదు, మామ చేలు చూసుకునే పెద్ద మనిషి. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎవరింట కోడె కాడికి ఎదిగినా, దానికి బండి అలవాటు చెయ్యడానికి తాత దగ్గరికే తోలుకొచ్చేవాళ్ళు. ముల్లుకర్ర ముట్టకుండా, కొరడా ఎత్తకుండా ఎంత పొగరుబోతు కోడెనైనా నెలలో దారికి తెచ్చేవాడు. తాత చేతిలో ఒక్క కోడె కూడా చెడింది లేదు. ఆ పేరే ఆయన ఆస్తి. "చిన్నాయనా, ఇది కూడా కొత్తదే కదా, కాస్త పక్కనే ఉండి చూడు" అని మామ అడిగితే, తాత కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, ముందరి అద్దం తట్టి, "అది సరే అబ్బయ్యా, ఒక్కటే వచ్చింది ఏంది? దీని జత ఏది?" అన్నాడు. నేను పకపకా నవ్వినాను. తాత మాత్రం నవ్వలేదు.

మర్నాటి నుంచి తాత నా పక్క సీటులో కాళ్ళు పైకి ముడుచుకొని కూర్చునేవాడు. పొద్దున్నే మార్కాపురంలో బయలుదేరడం, కంభం మీదుగా గిద్దలూరు పోవడం, మధ్యాహ్నం అక్కడ అన్నం తిని తిరిగి రావడం, ఇదీ మా పని. పుస్తకంలో ఇరవై అని ఉంటే తాత మొదటి మూడు రోజులు పది దాటనీయలేదు. "కొత్తది రా మనవడా, ముందు దానికి దారి తెలియనీ" అనేవాడు. హారను కొట్టబోతే చెయ్యి పట్టుకొని, "దాని చెవిలో నువ్వే అరిస్తే బెదురుతుంది" అనేవాడు. నాలుగు మైళ్ళకొకసారి ఆపించి, దిగి, బానెట్టు మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. కాడి కొత్తలో కోడె మెడ వాస్తుందని అట్ల తడిమి చూడటం ఆయనకు అలవాటు. "మెడ కాలింది, కాసేపు నిలబెట్టు" అంటే ఇక నిలబెట్టాల్సిందే. నాకు ఒళ్ళు మండిపోయేది. ఈయనకేం తెలుసని ఒక రాత్రి దీపం ముందు పెట్టుకొని, పుస్తకంలో వేలుపెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కున్నాను. మొదట్లో బరువు వెయ్యొద్దు, ఎత్తు మీద బలవంతం చెయ్యొద్దు, వేడెక్కితే ఆపి చల్లారనివ్వండి అని అచ్చు తాత చెప్పినట్లే రాసి ఉంది! పుస్తకం మూసి పడుకున్నాను. తాతకు మాత్రం చెప్పలేదు. చెబితే ఇక ఆయన్ని పట్టుకునేదెట్ల?

ఒకేఒక్క చోట నా చదువు గెలిచింది. ఐదువందల మైళ్ళకు ఇంజను నూనె మార్చాలని నేను నోరు జారితే, "ఆ, కోడెకు కూడా తాపుతాం కదా" అని తాత మర్నాడు వెదురు గొట్టమూ సోలెడు ఆముదమూ పట్టుకొచ్చి, దీనికి నోరెక్కడుందో వెతుకుతున్నాడు. నేను అడ్డం పడి, చేతులు పట్టుకొని ఆపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇదంతా బాగానే ఉండేది, కంభంలో జట్కా మామూ లేకపోతే. కంభం స్టేషనుకు జట్కా తోలే సాయిబు ఆయన, అందరికీ జట్కా మామూ. మంచివాడే గానీ ఆ నోరు ఊరుకోదు. మేము పది మైళ్ళ మీద పోతున్న మొదటి రోజే గుర్రాన్ని అదిలించి మా పక్కగా వచ్చి, "ఏం అల్లుడూ, దిగి నడిస్తే ఇంకా తొందరగా పోతావు కదా!" అని అరిచి, మమ్మల్ని దాటి పోయినాడు. జట్కాలో ఉన్న ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినారు. మరుసటి రోజు, "తాతా, కారుకు ఒంట్లో బాగాలేదా? జొన్న గంజి పోసినారా?" అన్నాడు. మూడో రోజుకు కంభం చెరువు గట్టు మీద పోయే పశువుల కాపరులు కూడా మమ్మల్ని చూసి చేతులూపడం మొదలుపెట్టినారు. తాతకు చీమ కుట్టినట్లు కూడా లేదు. నాకు మాత్రం పళ్ళు పటపటలాడేవి.

చివరి రోజు. గిద్దలూరులో అన్నం తినకుండానే తిరిగి బయలుదేరినాను, అంత ఆత్రం. కంభం దాటి మూడు మైళ్ళు వచ్చేసరికి మీటరు నాలుగువందల ఎనభై ఆరు. ఇంకొక్క పద్నాలుగు మైళ్ళు పోతే మామ ఇంటి ముందు నిలబడి, కాలరు సర్దుకొని, నేను డ్రైవర్ని. తాత తలపాగా కళ్ళమీదికి లాక్కొని కునుకు తీస్తున్నాడు. వెనక టకటకా గిట్టల చప్పుడు వినబడింది. ఖాళీ జట్కా, తేలిక బండి, మామూ నిలబడి పగ్గాలు పట్టుకొని ఉన్నాడు. "అల్లుడూ, దీన్ని కొన్నది తోలేదానికా, చూసుకొని మురిసేదానికా?" అని ఒకటే నవ్వు. ఏం చేసినానో నాకు ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు. కాలు దానంతట అదే తొక్కేసింది.

అబ్బ, ఆ కాసేపూ! దాచుకోవడమెందుకు, అంత సంతోషం నా జన్మలో ఎప్పుడూ పడలేదు. ముప్పై, నలభై, నలభై ఐదు. జట్కా ఎక్కడో వెనక దుమ్ములో కలిసిపోయింది. తాత ఉలిక్కిపడి లేచి, "మెల్లగా రా, మెల్లగా మనవడా! దాని మెడ కాలుతుంది!" అంటున్నాడు. నాకు వినబడుతూనే ఉంది. విన్నానా? లేదు. రెండు మైళ్ళు అయ్యేసరికి కాలిన వాసన, బానెట్టు సందుల్లోంచి ఆవిరి, లోపల కరకరమని ఒక చప్పుడు. కారు ముక్కు కిందికి గుద్దుకున్నట్లు నిలబడిపోయింది. ఇంజను పట్టేసింది. నేను స్టీరింగు మీద తల పెట్టుకొని ఏడ్చినాను. సిగ్గు లేకుండా, పెద్దగా, పంతొమ్మిదేళ్ళవాణ్ణి.

వెనకే వచ్చిన జట్కా మామూ ముఖంలో నవ్వు లేదు. "అయ్యో, నేనేదో నవ్వులాటకు అంటిని అల్లుడూ!" అని గుండె మీద చెయ్యి పెట్టుకొని, దగ్గర ఊరికి పోయి ఒక జత ఎద్దులను తోలుకొచ్చినాడు. వాటికి మోకు కట్టి లాగిస్తే, దారి పొడుగునా తాత కారు పక్కనే నడిచినాడు, చెయ్యి మడ్డుగార్డు మీద నుంచి తియ్యలేదు. మేము మార్కాపురం వీధిలోకి వచ్చేసరికి దీపాలు పెడుతున్నారు. ఊరు ఊరంతా అరుగుల మీదికి వచ్చింది. మామ గుమ్మం ముందు ఆగేసరికి, మీటరు ఐదువందలు చూపిస్తోంది. (చివరి పన్నెండు మైళ్ళు ఎద్దులు పూర్తి చేసినాయి.)

మామ మెట్ల మీద నిలబడి, "ఏమైంది రా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే తాత ముందుకొచ్చి, "నేనే అబ్బయ్యా. ఇన్ని రోజులు నడిపించినాం, ఒకసారి దాని పరుగు చూద్దామని నేనే గట్టిగా కొట్టమన్నా. పిల్లోడు వద్దు వద్దంటానే ఉండె" అన్నాడు. అరుగుల మీద జనమంతా విన్నారు. మామ తాత ముఖంలోకి చాలాసేపు చూసినాడు, నా వైపు కూడా చూసినాడు. "సరేలే చిన్నాయనా" అని లోపలికి పోయినాడు. తర్వాత గుంటూరు నుంచి మెకానిక్కు వచ్చి ఎనిమిది రోజులు కూర్చొని ఇంజను బాగుచేసినాడు. నా పని నాకే ఉండింది. అయితే ఆ ఏడు తాత దగ్గరికి కోడెలు బాగా తగ్గినాయి. కోడెను గట్టిగా కొట్టమనే మనిషి దగ్గరికి ఎవరు తోలుకొస్తారు? నేను రోజూ నిజం చెప్పాలనుకునేవాణ్ణి, రోజూ కారు తుడిచి ఊరుకునేవాణ్ణి.

తాత చనిపోయిన ఏడాదికి, ఒకసారి గిద్దలూరు నుంచి మామను తీసుకొస్తూ ఇక ఆపుకోలేక రోడ్డు పక్కన కారు ఆపేసి, అంతా కక్కేసినాను. చెంప పగిలేలా కొడతాడని కళ్ళు మూసుకున్నాను. మామ పొడుం పీల్చి, చెయ్యి దులుపుకొని, "నాకు ఆ పొద్దే తెలుసు లేరా. చిన్నాయన పుట్టి బుద్ధెరిగి కొట్టమన్న మాట ఎప్పుడన్నా అన్నాడా?" అన్నాడు. "మరి నన్ను ఎందుకు ఉండనిచ్చినావు మామా?" అన్నాను. "ఊరందరి ముందర ఆయన తన పేరు పోగొట్టుకొని నిన్ను నిలబెడితే, నేను నిన్ను గొర్రెలకు పంపితే, ఆయన పోగొట్టుకున్నది దేనికి రా?" అన్నాడు. పొడుం డబ్బీ మూసి, "తోలు, పొద్దు పోతోంది" అన్నాడు.

మామను భలే బురిడీ కొట్టించినానని లోలోపల కుమిలిపోతూ అన్నేళ్ళు కారు తుడిచిన ఆ పిల్లవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. పాపం, ఆ ఇంట్లో ఏమీ తెలియనివాడు వాడొక్కడే. ఇప్పుడు ఎదురుపడితే చెవి మెలేసి, ఒక్కసారి దగ్గరికి తీసుకుంటాను. ఆ రోజు కళ్ళు తుడుచుకొని మళ్ళీ బండి కదిలించినాను, మార్కాపురం దాకా ఇరవై దాటనీయలేదు. ఎందుకింత మెల్లగా పోతున్నావని మామ కూడా అడగలేదు.