తాళం దాటి వచ్చే గొంతు

మా చిన్న చెల్లెలు పోయిందని బెంగళూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను దేవుడి దగ్గర దీపం వెలిగిస్తున్నాను. నిద్రలోనే గుండె ఆగిందట. ఫోన్ చేసినాయన ఆమె పాటకు ఇరవై ఏళ్లు పియానో వాయించాడు. ఆయన పేరు నాకు ఆ రోజే తెలిసింది.

హోసూరులో మా ఇంట్లో శనివారం సాయంత్రం భజన. అమ్మ పోయాక పాటలో మొదటి వరుస చెప్పే పని నాది. నేను చెప్పింది చెప్పినట్టు అందరూ తిరిగి పాడాలి. చెల్లెలు మాత్రం తాళం దాటిపోయాక తీరిగ్గా అందుకునేది. చివరి మాటను సాగదీసి, వంచి, ఎక్కడో దించేది. మందలిస్తే నవ్వేది.

"సామి ఏమన్నా ఫ్యాక్టరీ గేటాక్కా, రవంత లేటయితే మూసేదానికి?"

ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు అందరి ముందూ చెప్పాను, "నువ్వు పాడొద్దు, తాళాలు మాత్రం వెయ్యి" అని. ఆ తర్వాత మా ఇంట్లో ఆమె పాడలేదు. తాళాలే వేసింది. ఒక్కసారీ తప్పలేదు.

పాట బయటికి వెళ్లింది. పెద్దయ్యాక తను పనిచేసే ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో ఒక ఇంగ్లీషు పాట పాడితే, విన్నవాళ్లెవరో బెంగళూరు హోటల్‌కు పిలిచారు. శనివారం భజన ముగించి బస్సెక్కేది, ఆదివారం అక్కడ పాడేది. కొన్నాళ్లకు ఉద్యోగం మానేసింది. జాజ్, సోల్ అంటే నల్లజాతివాళ్లు కష్టంలో పాడుకున్న పాటలనీ, వాటిలో ప్రార్థన ఉందనీ ఆమె చెబితేనే విన్నాను. సొంత బృందం కట్టింది, బొంబాయిలో పాడింది, దేశాలు తిరిగింది. చివరి ఏళ్లలో పిల్లలకు నేర్పింది.

ఇది చదివేవాళ్లలో మా భజనకు వచ్చేవాళ్లూ ఉంటారు. ఆమె హోటల్లో ఆఫీసు పని చేస్తుందని మీకు చెప్పాను. అది అబద్ధం. కృష్ణగిరిలో మా వియ్యపురాలు ఒకసారి ఆమెనే నేరుగా అడిగింది. చెల్లెలు నా ముఖం చూసి, "రిసెప్షన్‌లో కూచుంటానమ్మా" అంది. రోజూ దేవుడి ముందు కూచునే నేను, విని ఊరకున్నాను.

తన పాట వినడానికి చెల్లెలు నన్ను ఎన్నోసార్లు పిలిచింది. "ఒక్కసారి రాక్కా. ఆడ కూడా మన భజన మాదిరే. నేను ఒక వరుస అంటాను, వాళ్లు తిరిగి అంటారు. నువ్వు ఎట్లన్నా నేనేమీ అనను."

వెళ్లలేదు.

పదకొండో రోజు పియానో ఆయన వచ్చాడు. ఈయన హోటల్లో మీ చెల్లెలితో పనిచేసినాయనా అని వియ్యపురాలు నన్ను అడిగింది.

"మా చెల్లెలు పాడేదమ్మా," అన్నాను. "ఆయన వాయించేవాడు."

ఇంత చిన్న మాట. ఆమె ఉండగా నోటికి రాలేదు.

తర్వాతి శనివారం మొదటి వరుస చెప్పి ఆగాను. అందరూ అందుకున్నారు, ముగించారు. రెండో వరుస కోసం నా వైపు చూశారు. నేను ఇంకా ఆగే ఉన్నాను. ఆమె తాళాలు నా ఒడిలో ఉన్నాయి, వాటి తాడుకు ఆమె వేసుకున్న ముడి అట్లాగే ఉంది.