ఆరో పడక, ఏడో పడక, ముగ్గురు అధ్యక్షులు

కోవిడ్ వార్డులు మూతపడిన మరుసటి జూన్‌లో నన్ను సికింద్రాబాద్‌లోని ఒక ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌లో రెండో షిఫ్టుకు వేశారు. నా హోదా టెక్నీషియన్. నా పైన సీనియర్ టెక్నీషియన్, ఆయన పైన ఇన్‌చార్జ్. కిడ్నీ డాక్టరు వారానికి రెండుసార్లు వచ్చి మందులు, గంటలు రాసి వెళ్లేవారు. నాలుగేళ్లు చేశాక నడుము నొప్పి వల్ల ముప్పై ఏళ్లకే ఆ పని మానేశాను. పని ఎలా ఉంటుందని అడిగేవాళ్లకు ఈ సంగతి చెబుతుంటాను.

రోగి రాగానే బరువు చూస్తాం. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువును డ్రై వెయిట్ అంటారు. ఆ రెంటికీ తేడా ఎంతో, అంత నీటిని యంత్రం నాలుగు గంటల్లో తీయాలి. చేతికి రెండు సూదులు, అరగంటకోసారి బీపీ. రోగి ముందే దిగిపోతానంటే బలవంతం చేయకూడదు. ఫారం మీద సంతకం తీసుకుని, డ్యూటీ డాక్టరుకు చెప్పి, యంత్రంలో ఉన్న రక్తాన్ని తిరిగి ఎక్కించి సూదులు తీస్తాం.

మా షిఫ్టులో ఎనిమిది పడకలు. ఒకటో పడక యేసురత్నం మాస్టారిది. గుంటూరు వైపు నుంచి వచ్చి, మిషన్ బడిలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. సీతాఫల్‌మండిలో ఒక్కరే ఉండేవారు. రెండో పడక మహబూబ్ భాయ్‌ది. లాలాగూడలో దర్జీ. గోడ మీది టీవీలో ఒకరోజు అమెరికా ఎన్నికల వార్త వచ్చింది. గత వందేళ్ల అమెరికా అధ్యక్షుల్లో ఎవరు గొప్ప అన్న వాదన అప్పుడు మొదలై, వాళ్లు డయాలసిస్‌కు వచ్చే వారానికి మూడు రోజులూ సాగింది.

పేర్లు నోరు తిరగవని మహబూబ్ భాయ్ అందరికీ బిరుదులు పెట్టాడు. మాస్టారి మనిషి ‘కుర్చీ ఆయన’. పోలియో వచ్చి కాళ్లు పడిపోయినా చక్రాల కుర్చీలోంచే నాలుగుసార్లు గెలిచి, దేశాన్ని మాంద్యంలోనూ యుద్ధంలోనూ నడిపినవాడు. భాయ్ మనిషి ‘పల్లీల రైతు’. ఒక్కసారే గెలిచి, ఓడాక పేదల ఇళ్లకు తన చేత్తో మేకులు కొట్టినవాడు.

“కుర్సీల ఉండంగ ఎవడైన జేస్తడు మాస్టర్‌సాబ్. కుర్సీ పోయినంక ఏం జేసిండో సూడాలె.”

“నాలుగుసార్లు పాసైనవాణ్ణి, రెండోసారే తప్పినవాణ్ణి ఒకే బెంచీ మీద కూర్చోబెడతావేంటి భాయ్?”

బీపీ పట్టీ బిగుస్తున్నప్పుడు రోగి మాట్లాడకూడదు, అంకె తప్పు వస్తుంది. అందువల్ల అరగంటకోసారి ఒకరికి ఎదురులేని నిమిషం దొరికేది. ఇద్దరూ తమ గట్టి పాయింటును ఆ నిమిషం కోసం దాచుకునేవారు.

తర్వాత భాయ్‌కి ఆఖరి గంటలో బీపీ పడిపోవడం మొదలైంది. అలాంటివాళ్లు నర్సు బల్లకు ఎదురుగా, ఏడు, ఎనిమిది పడకల్లో ఉండాలని నేనే కొత్త జాబితా రాశాను. ఇన్‌చార్జ్ సంతకం పెట్టారు. భాయ్ ఏడుకు మారాడు.

ఆ తర్వాత మూడోసారికి మాస్టారు, మూడు గంటలు కాగానే, “చాలు బాబూ, తీసేయ్” అన్నారు. సంతకం పెట్టి దిగిపోయారు. మరో మూడుసార్లు అదే జరిగింది. పాదాలు ఉబ్బాయి, ర్యాంపు ఎక్కితే ఆయాసం. గంటలు ఇలా కోసుకుంటే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుందని, ఈసారి అంబులెన్సులోనే వస్తారని డాక్టరు నా ఎదుటే చెప్పారు. మాస్టారు మర్యాదగా తలూపారు.

నేను కారణాల జాబితా రాసుకున్నాను: సూది నొప్పి, కాళ్లు పట్టేయడం, చలి, పడక వాలు. ఒక్కొక్కటే సరిచూశాను, ఒక్కటీ కాదు. చివరికి మహబూబ్ భాయ్ చేతికి దూది అదుముతుండగా ఆయనే చెప్పాడు.

“ఎందుకు పరేషాన్ అయితున్నవ్ బేటా? నన్ను దెచ్చి ఏడు నెంబర్ల ఏస్తివి. ఆయన ఎవలితోని కొట్లాడాలె, గోడతోనా?”

భాయ్ బీపీ సంగతి నిజమే కాబట్టి ఆయన్ను వెనక్కి పంపలేను. ఆరో పడకలో ఉండే సరోజమ్మను ఒకటికి మారమని అడిగాను. “ఆ ముసలోళ్ల లొల్లి పక్కపొంటి నేనెట్ల ఉంట? జల్ది మార్చు” అందావిడ.

మాస్టారు ఆరో పడకకు వచ్చారు. పలకరింపులయ్యాక ఎక్కువ మాట్లాడలేదు. మూడు గంటలు కాగానే పక్కకు తిరిగి, “భాయ్, నీ రైతే గొప్పోడు. ఒప్పుకున్నాను” అన్నారు. నాతో, “ఫారం తే బాబూ” అన్నారు.

మహబూబ్ భాయ్ సంతోషించలేదు. “గట్లెట్ల ఒప్పుకుంటవ్ మాస్టర్‌సాబ్? నేనింక ఏం జెప్పనే లేదు” అని నా వైపు చూశాడు. మాస్టారు కళ్లు మూసుకున్నారు.

రోగుల వాదనల్లో మేం తలదూర్చకూడదన్నది ఇన్‌చార్జ్ మాట. అయినా ఆయన్ను మళ్లీ వాదనలోకి లాగాలని, ఫారం చేతిలో ఉండగానే అన్నాను: “ఇద్దరూ కాదు మాస్టారూ. రాజీనామా చేసి దిగిపోయిన ఆయన గొప్ప.”

మాస్టారు కళ్లు తెరిచారు. “ఎవరూ, దొంగతనం కప్పిపెట్టబోయి దొరికిపోయినవాడా?”

ఆయనే అన్నాను. కిడ్నీలు పాడైనవాళ్లలో దాదాపు అందరికీ, ఏ వయసువాళ్లకైనా, డయాలసిస్ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరించాలన్న చట్టం మీద అక్కడ సంతకం పెట్టింది ఆయనేనని, అది మా డిప్లొమా పాఠంలో ఉందని చెప్పాను. అంతకుముందు యంత్రాలు చాలక, ఎవరిని ఎక్కించాలో కొన్నిచోట్ల కమిటీ కూర్చుని తేల్చేదని కూడా చెప్పాను.

మహబూబ్ భాయ్ తన గొట్టాల వైపు చూసుకున్నాడు. “గా కమిటీవోళ్లు మనిద్దర్ల ఎవలను దీసుకుందురు మాస్టర్‌సాబ్?”

మాస్టారు నా వైపు తిరిగి, “చట్టం చేసింది సభ. కాగితం ముందుకొస్తే ఎవడైనా సంతకం పెడతాడు, అదేం గొప్ప?” అన్నారు.

“పెట్టకుంట సుత ఉండొచ్చు గద.”

“నువ్వు నీ రైతు వైపా, ఆ దొంగ వైపా?”

“నీకు ఎదురు వైపు.”

మాస్టారు దిండు సర్దమన్నారు. నేను ఫారం జేబులో పెట్టుకుని దిండు సర్దాను. నాలుగు గంటలు పూర్తయి యంత్రం మోగేసరికి ఆయన ఒక వాక్యం మధ్యలో ఉన్నారు. అది పూర్తి చేశాకే సూదులు తీయనిచ్చారు. తర్వాతి సారి రెండు కాగితాల నిండా పాయింట్లు రాసుకుని వచ్చారు. నా పాఠ్యపుస్తకం తెమ్మని నాకు పని కూడా పెట్టారు.

నేను మానేసే నాటికి వాదన తేలలేదు. దిండు సర్దిన ఆ రోజు తర్వాత మాస్టారు ఫారం అడిగింది రెండుసార్లే, రెండూ కాళ్లు పట్టేసినందుకే.

ఈ పనిలోకి వచ్చే కొత్తవాళ్లకు నేను చెప్పేవి రెండు. పడకల జాబితా రాసేటప్పుడు బీపీ, బరువులతో పాటు రోగి పక్కన ఎవరుంటారో చూడాలి. రోజూ వాదించే రోగి ఒకరోజు ఊరికే ఒప్పుకుంటే, దాన్ని రోగి రికార్డు షీటులో రాసి డాక్టరుకు చెప్పాలి.