కొరాండియాలో మా తిరుగుబాటు

మ్యాపులో లేని దేశంలో తిరుగుబాటు చేయడం తేలికనుకున్నాను. ఎనిమిదో తరగతి దాటనివాణ్ణి, నాకు మ్యాపులో ఉన్న దేశాలతోనే పెద్ద పరిచయం లేదు. అందుకని అన్ని దేశాలూ నాకు ఒకటే.

తాడేపల్లిగూడెం నాటకాల పోటీకి మా నాటిక రాసింది ఏలూరు కాలేజీలో లెక్చరర్ గారు. కొరాండియా అని ఒక దేశం, అందులో ఒక పట్నం, మంచినీళ్ళకి పన్ను వేసిన అధ్యక్షుడు, ఆయన భవనం మీదికి ఉరికే జనం. ఆ జనం మేమే. కలిదిండి చేపల చెరువుల మీద వలలు లాగేవాళ్ళు, మేత వేసేవాళ్ళు, చెరువు నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్ మోటార్లు బాగుచేసే నేను. నోరు పెద్దదని నన్ను నాయకుణ్ణి చేశారు. అంతవరకూ నా నోటికి తిట్లు తప్ప పదవులు రాలేదు.

అధ్యక్షుడి వేషం మా పంతులుగారిది. మాలో సగం మందికి పెళ్ళిళ్ళు చేసిందీ ఆయనే, మిగతా సగం మందికి ముహూర్తాలు లేవని ఆపిందీ ఆయనే. స్టేజీ అంటే ప్రాణం. కానీ ఆ ముఖం చూసి ఎవరూ మంచివాడి వేషం తప్ప ఇంకోటి ఇవ్వలేదు. త్యాగం చేసే అన్నగారు, క్షమించే తండ్రి, చివర్లో దగ్గుతూ పోయే మాస్టారు. ఇప్పుడు గొంతు బొంగురుపోతోందని, ఇదే ఆఖరి నాటిక అని ఇంట్లో చెప్పేశారు.

రిహార్సల్ మొదటిరోజే నన్ను పక్కకి పిలిచారు. "ఒరేయ్, చప్పట్లు చాలా విన్నాను. ఈ ఒక్కసారి జనం నన్ను చూసి పళ్ళు కొరకాలి. మీరు నా మీద గట్టిగా తిరగబడితేనే అది కుదిరేది."

"అదెంత పనండీ," అన్నాను.

చాలా పని అని ఆ సాయంత్రమే తెలిసింది. ఐసు ఫ్యాక్టరీ పక్క షెడ్డులో మేం పిడికిళ్ళు బిగించి ఆయన మీదికి ఉరికాం. పంతులుగారు కుర్చీలోంచి లేచి, "బయటికి నడవండి!" అన్నారు. అందరూ బుద్ధిగా బయటికి నడిచారు. వెనక్కి తిరిగి చూస్తే విప్లవంలో నేనొక్కణ్ణే మిగిలాను.

లెక్చరర్ గారు తల పట్టుకున్నారు. "వెళ్ళకూడదండీ, అక్కడే కదా గొడవంతా."

మా వలల పెద్దాయన, గుంపులో అందరికంటే వయసున్నాయన, గుమ్మం బయటినుంచే జవాబిచ్చాడు. "పంతులుగారు వెళ్ళమన్నాక ఇంకా నిలబడితే ఏం బాగుంటుందండీ."

"ఆయన పంతులుగారు కాదు, అధ్యక్షుడు."

"అధ్యక్షుడైతే మరీను. గౌరవం ఉండాలి కదండీ."

పోటీ రోజుకి మేం కనీసం కదలకుండా నిలబడ్డం నేర్చుకున్నాం. నిలబడి నేలచూపులు చూసేవాళ్ళం. పంతులుగారు వ్యాన్‌లో తాడేపల్లిగూడెం వెళ్ళేదాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నారు. నేను జోకులు వేశాను గానీ ఒక్కదానికీ నవ్వలేదు.

మాది సాయంత్రం మొదటి నాటిక. హాలు బాగానే నిండింది. పట్నం జనం వేషం కాబట్టి అందరం చెప్పులు వేసుకున్నాం. ప్రేక్షకుల మధ్యలోంచి అరుస్తూ పరిగెత్తి, మెట్లెక్కి స్టేజీ మీదున్న భవనంలోకి చొరబడాలి. అరిచాం, పరిగెత్తాం. మెట్ల దగ్గరికి రాగానే ముందున్న పెద్దాయన ఆగి, చెప్పులు విప్పి మెట్టు మీద ఓ పక్కన పెట్టి, స్టేజీకి దణ్ణం పెట్టుకుని ఎక్కాడు. వెనకున్నవాళ్ళందరూ అదే చేశారు. నేనూ విప్పాను. స్టేజీ ఎక్కేటప్పుడు ఇంకేం చేస్తాం?

హాలంతా ఘొల్లుమంది. కొరాండియా విప్లవం చెప్పులు బయట విడిచి వచ్చింది మరి. నేను పంతులుగారి ముఖం చూడలేకపోయాను.

ఆయన తొణకలేదు. కర్ర పట్టుకుని నెమ్మదిగా మెట్ల దాకా నడిచారు. చెప్పుల్నీ, మా పాదాల్నీ మార్చి మార్చి చూసి నవ్వారు. ఆ నవ్వు నాటికలో లేదు, మా పెళ్ళిళ్ళలో ఎప్పుడూ చూడలేదు.

"విప్పి వచ్చారా? మంచిది. భయం ఇంకా కాళ్ళలోనే ఉందన్నమాట."

హాల్లో నవ్వు టక్కున ఆగిపోయింది. ఆయన కర్ర కొసతో పెద్దాయన చెప్పుని, తెగిన చోట తీగతో కట్టిన చెప్పుని, పైకెత్తి కిందికి విసిరారు. అది వెళ్ళి ముందు వరస దగ్గర పడింది.

"ఈ పీలికకి నా గుమ్మంలో చోటు కావాలా?"

అక్కడ డైలాగు నాది. నేను నోరు తెరిచేలోపే పెద్దాయన తల ఎత్తాడు.

"ఆ చెప్పు నాదండీ," అన్నాడు.

మెత్తగానే అన్నాడు. అంటూనే ముందుకి అడుగేశాడు. వెనకాలే మేం. ఎవరూ అరవలేదు, పిడికిలి ఎత్తలేదు, నడిచాం అంతే. పంతులుగారు ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ కుర్చీకి తగిలి, కుర్చీతో సహా పడ్డారు. హాల్లో ఎవరో "బాగా అయింది" అన్నారు. తెర పడింది.

తెర వెనక పెద్దాయన పరుగున వెళ్ళి ఆయన్ని లేపాడు. "తగిలిందాండీ?"

"నీకు నిజంగా కోపం వచ్చిందా?"

"వచ్చిందండీ," అన్నాడు పెద్దాయన, ఆయన కోటుకంటిన దుమ్ము దులుపుతూ.

బహుమతి రాలేదు. రాసిన నాటిక వేరు, ఆడిన నాటిక వేరు అన్నారట జడ్జీలు. లెక్చరర్ గారు కూడా కాదనలేదు. బయట టీ కొట్టు దగ్గర పంతులుగారు ఇంకా అధ్యక్షుడి కోటులోనే ఉన్నారు. ఒకావిడ చేతిసంచీతో నేరుగా ఆయన దగ్గరికి వచ్చింది.

"ఏవండీ, పెద్దవయసు మనిషి చెప్పు అలా విసరడానికి మీకు చెయ్యెలా వచ్చిందండీ? మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా?"

"అమ్మా, అది నాటకం..." అని నేను మొదలుపెట్టేసరికి పంతులుగారు నా మణికట్టు గట్టిగా నొక్కారు. చేతులు కట్టుకుని తలొంచుకుని మొత్తం విన్నారు. ఆవిడ తృప్తిగా తిట్టి వెళ్ళిపోయింది.

వ్యాన్ డ్రైవరు హారన్ కొట్టాడు. పంతులుగారు జనం బయటికొస్తున్న గుమ్మం వైపే చూస్తున్నారు.

"ఓ పావుగంట ఆగమనరా," అన్నారు. "ఇంకెవరైనా వస్తారేమో."