కొర్రల అంకుల్ కడుపు ఖాళీగా లేదు

2024. న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి, ప్రీ-ఆప్ వార్డు. అంటే ఆపరేషన్‌కి ముందు రోగికి గౌను తొడిగి పడుకోబెట్టి, ఒకరి తర్వాత ఒకరు వచ్చి అవే ప్రశ్నలు అడిగే చోటు. నేనప్పుడు నర్స్ అనెస్తీషియా డాక్టరేట్ మూడో ఏడాదిలో ఉన్నాను. కొన్నేళ్లు ఐసీయూ నర్సుగా చేశాక మళ్లీ బడికెళ్లి, మనుషులకి మత్తిచ్చి తిరిగి లేపడం నేర్చుకునే కోర్సు ఇది. లేపడం ముఖ్యం. పూర్తయితే డాక్టరేట్ వస్తుంది కానీ డాక్టర్‌ని కాను. పార్సిప్పనీలో ఉండే మా అమ్మ ఈ వాక్యంలో మొదటి సగమే స్నేహితులకి చెబుతుంది.

పక్కన నిలబడి పని నేర్పే సీనియర్‌ని ప్రిసెప్టర్ అంటారు. మా ప్రిసెప్టర్ డెబ్రా మొదటి రోజే తన సిద్ధాంతం చెప్పింది: "రోగి చెప్పేదంతా మర్యాదగా విను. తర్వాత నువ్వే చూసుకో." నాకు రెండో భాగం బాగా వంటబట్టింది.

ఆ రోజు మా మొదటి కేసు హెర్నియా. ప్లెయిన్స్‌బరో నుంచి వచ్చిన తెలుగాయన, యాభై దాటాయి. ప్రసాద్ అంకుల్ అందాం. పేరూ, కొన్ని వివరాలూ మార్చాను. కొర్రలు కూడా నిజానికి కొర్రలు కాకపోవచ్చు.

తెర తీయగానే గుర్తుపట్టాను. ఆదివారాలు జూమ్‌లో చిరుధాన్యాల క్లాసు చెప్పే మనిషి. అన్నం మానేసి, కొర్రలూ సామలూ తిని, రోజూ నడిచి, ఏడాదిలో సగమైపోయానంటారు. మా అమ్మ ఆయన శిష్యురాలు. మా ఇంట్లో బొంబాయి రవ్వ మాయమైంది ఈయన పుణ్యమే. అయినా ఈయనకీ సరిగ్గానే మత్తివ్వాలి. వృత్తి ధర్మం అలాంటిది.

"నర్సువా? డాక్టర్ రాడా?" అన్నారు.

"ఆవిడా వస్తారంకుల్. ఈలోగా నాతో సర్దుకోండి."

"స్టూడెంట్‌వి కదూ?"

"లాస్ట్ ఇయర్. ఇప్పటిదాకా అందరూ లేచారు."

ఆయన నవ్వలేదు. పక్క కుర్చీలో కూర్చున్న ఆయన భార్య సుజాత ఆంటీ నవ్వారు.

"మందులేమైనా వాడుతున్నారా?"

"మందులా! కొర్రలు మొదలెట్టాక మాత్రల డబ్బానే పారేశాను."

"ఆఖరిసారి ఎప్పుడు తిన్నారు?"

"నిన్న సాయంత్రం. ఆ తర్వాత మంచినీళ్లు కూడా ముట్టలేదు," అని, బ్రేవ్‌మని త్రేన్చారు.

వెల్లుల్లి కారం. రాత్రంతా పస్తున్న మనిషి నుంచి అంత తాజాగా రాకూడని వాసన.

అప్పుడు ఆంటీ ముందుకి వంగి, "బాబూ, ఒక్క మాట..." అన్నారు. అంకుల్ చటుక్కున ఆవిడ వైపు చూశారు. నా అనుమానం గట్టిపడింది. ఈయన ఏదో దాస్తున్నారు, అది భార్య ముందు చెప్పరు. కాబట్టి ఆవిడని పంపించాలి. తెలుగు ఆంటీని "కాస్త బయటికెళ్లండి" అనే విద్య ఏ డాక్టరేట్‌లోనూ నేర్పరు.

"ఆంటీ, ఫ్రంట్ డెస్క్‌లో పార్కింగ్ టికెట్‌కి స్టాంప్ వేస్తారు. వేయించుకుంటే పార్కింగ్ ఫ్రీ."

ఆవిడ నన్నోసారి తేరిపార చూసి, లేచి వెళ్లారు.

నాకెందుకింత అనుమానమో చెప్పాలి. ఈమధ్య మా పనికి కొత్త తలనొప్పి వచ్చింది. వారానికోసారి పొట్టకి పొడుచుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు. అవి కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి. రాత్రి తిన్నది పొద్దున్నా ఉండిపోవచ్చు. ఇంట్లో ఉంటే త్రేన్పులతో పోతుంది. మత్తిస్తే మాత్రం గొంతు కాపలా మానేస్తుంది. కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లో పడితే దాన్ని యాస్పిరేషన్ అంటాం. హెర్నియాకని వచ్చిన మనిషి వెంటిలేటర్ ఎక్కుతాడు. ఇంటికి వెళ్లకపోనూవచ్చు. ఈ వాక్యం దగ్గర నాకు జోకు దొరకదు.

"అంకుల్, మనిద్దరమే ఉన్నాం. బరువు తగ్గే ఇంజెక్షన్ ఏమైనా..."

"ఛఛ! నేనా?"

"సరే. అయితే ఒక్క నిమిషం స్కాన్ చేస్తాను."

డెబ్రా అల్ట్రాసౌండ్ మెషిన్ తోసుకొచ్చింది. గౌను పక్కకి తీస్తే బొడ్డుకి అటూ ఇటూ చిన్న చిన్న సూది మచ్చలు. దోమలంటే నమ్మొచ్చు, కానీ ఏ దోమా వారానికోసారి ఇంత పద్ధతిగా కుట్టదు. ఖాళీ కడుపైతే తెర మీద ముడుచుకున్న చిన్న సంచిలా కనిపించాలి. అంకుల్ కడుపు నిండుగా, మసకమసకగా, ముద్దలు ముద్దలుగా ఉంది. నిన్నటి భోజనం ఇంకా కదలలేదు.

"ఇది మీ కడుపు అంకుల్. ఇలాగే మత్తిస్తే మీరు లేస్తారని నేను గ్యారంటీ ఇవ్వలేను. మీరు చెప్పింది ఆంటీకి చెప్పను, మీ క్లాసుకొచ్చే మా అమ్మక్కూడా చెప్పను. చట్టం ఒప్పుకోదు."

గౌను బొడ్డు మీదకి లాక్కున్నారు. "సగం ఇంజెక్షన్, సగం కొర్రలు," అన్నారు చివరికి, ఏదో పార్ట్‌నర్‌షిప్ వ్యాపారంలా.

"ఆఖరి డోసు?"

"మొన్న ఆదివారం. క్లాసుకి ముందు."

డాక్టరూ సర్జనూ వచ్చి చూసి, ఆపరేషన్ వాయిదా వేశారు. అంకుల్ ముఖంలో బతికిపోయానన్న సంతోషం ఏమీ లేదు. "ఆవిడకి ఏం చెబుతావ్?" అని నా చెయ్యి పట్టుకున్నారు.

"కడుపు ఖాళీగా లేదంటాను. నిజమేగా."

హాల్లో ఆంటీకి సరిగ్గా అంతే చెప్పాను. ఆవిడ కనురెప్ప కూడా ఆర్పలేదు.

"ఇంజెక్షన్ సంగతి చెప్పారా, చెప్పలేదా?"

నేను గోడ వైపు చూశాను. చట్టం గోడ చూడ్డాన్ని నిషేధించలేదు.

"ఫ్రిజ్‌లో గోంగూర సీసా వెనక పెడతారు నాన్నా. ఆయన గోంగూర ముట్టరు. ఆదివారం ఆదివారం సీసా మాత్రం జరిగి ఉంటుంది. నేను క్యూఏలో చేస్తాను, తప్పులు పట్టడమే ఉద్యోగం. అవే కొర్రలు నేనూ తిన్నాను, అదే దారిలో నేనూ నడిచాను. నేను కిలో కూడా తగ్గలేదు. అనుమానం రాదూ?"

"మరి అడగలేదా ఆంటీ?"

"అడిగితే సిగ్గుపడి క్లాసు మానేస్తారు. మానేస్తే ఆదివారమంతా వంటింట్లో నా వెనకే తిరుగుతారు."

"పోనీ మాకైనా చెప్పాల్సింది."

"చెబుదామనే నోరు తెరిచాను. పార్కింగ్ టికెట్ అన్నావు." స్టాంప్ వేయించిన టికెట్ నా ముఖం ముందు ఆడించారు.

తెలుగు రాని డెబ్రా, "ఏమంటోంది?" అని అడిగింది.

"మన అనుమానం కరెక్టేనట," అన్నాను. మొదటి సగమే చెప్పే అలవాటు మా ఇంట్లో వంశపారంపర్యం.

మందు ఆపి, ముందు రోజంతా ద్రవాల మీదే ఉండి, అంకుల్ మళ్లీ వచ్చారు. ఈసారి "ఆఖరి డోసు ఎప్పుడు?" అంటే ఆయన ఆంటీ వైపు చూశారు, ఆంటీ తేదీ చెప్పారు. స్కాన్‌లో కడుపు ఖాళీ. ఆపరేషన్ అయింది, లేచారు. లేవగానే, "క్లాసు వాళ్లకి తెలీదుగా?" అన్నారు. మెదడు బాగానే పనిచేస్తోందని రాసుకున్నాను.

రోగిని ఒంటరిగా అడగడం ఇప్పటికీ మానలేదు. కాకపోతే ఎవరినైనా బయటికి పంపేముందు, వాళ్లు మొదలెట్టిన "ఒక్క మాట" పూర్తిగా వింటాను. అనుమానించడం త్వరగానే వస్తుంది. నిజం తెలిసిన మనిషినే అడ్డమనుకుని పంపించకుండా ఉండడానికి ఇంకా టైము పట్టేలా ఉంది.

ఆ వారాంతం అమ్మ కొర్రల ఉప్మా పెట్టింది. "ఇన్ని నెలలైంది, బరువు కదలట్లేదు. నేనే ఏదో తప్పు చేస్తున్నానేమోరా," అంది.

"నువ్వేం తప్పు చేయట్లేదమ్మా," అన్నాను. చట్టం అంతవరకే ఒప్పుకుంటుంది. మిగిలింది ఉప్మాతో పాటు మింగేశాను.