దొరబాబుకి వేసిన రెండు గీతలు

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు. నాకు అప్పటికి రాయడం రాదు. చిన్నప్పుడు భట్టిప్రోలు దగ్గర పొలాల్లో మా అమ్మ నాట్లు వేస్తుంటే గట్టు మీద కూర్చుని తమ్ముణ్ణి ఆడించేదాన్ని. అదే నా బడి. పలక పట్టింది యాభై మూడో ఏట. గుణింతాలు దాటి, ఒక పేజీ నా అంతట నేను రాయడానికి ఇంతకాలం పట్టింది. రాయడం వస్తే మొదట ఇదే రాయాలని అప్పుడే అనుకున్నాను.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు తెనాలి చెంచుపేటలో ఒక ఇంట్లో పనికి కుదిరాను. పెద్దవాళ్ళను కనిపెట్టుకుని ఉండడం నా పని. ఇప్పుడు కేర్‌టేకర్ అంటున్నారు, మావైపు ఆయా అనే అంటారు. స్నానం చేయించడం, మందులు ఇవ్వడం, షుగర్ ఉన్నవాళ్ళకు ఇన్సులిన్ వేయడం. నేను నర్సింగ్ చదవలేదు. రేపల్లెలో ఒక నర్సింగ్ హోములో ఊడ్చే పనికి చేరి, సిస్టర్లు చేసేది చూసి నేర్చుకున్నాను. సువార్తమ్మ సూది వేస్తే నొప్పి తెలియదని పేరు కూడా తెచ్చుకున్నాను.

చెంచుపేట ఇంట్లో ఇద్దరే ఆడవాళ్ళు. అమ్మగారు సుభద్రమ్మ టీచరుగా చేసి రిటైరయ్యారు, మోకాళ్ళు పట్టేసి వాకరు లేనిదే అడుగు వేయలేరు. ఆవిడ కూతురు పద్మజమ్మ బాపట్లలో లెక్చరరు. ఉదయం ఆరున్నరకి స్టేషనుకి వెళ్తే మళ్ళీ సాయంత్రమే రావడం. వీళ్ళు కాక దొరబాబు. దొరబాబు అంటే పిల్లి. తెల్లటి ఒంటి మీద పసుపు మచ్చలు, ఇంత లావు మెడ. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మెత్తటి కుర్చీ వాడిది.

నేను చేరిన వేసవిలో వాడు గిన్నెల కొద్దీ నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు. ఎంత తిన్నా బక్కచిక్కిపోతున్నాడు. పద్మజమ్మ పశువుల డాక్టరమ్మకి చూపించుకొచ్చి, "సువార్తక్కా, వీడికి షుగర్ అట," అంది.

నాకు నవ్వాగలేదు. "పిల్లికి షుగరేంటమ్మా?"

"నవ్వకే," అన్నారు అమ్మగారు మంచం మీంచి. "ఈ ఇంట్లో నాకొక తోడు దొరికింది. రేపట్నుంచి ఇద్దరం కలిసి కాకరకాయ తింటాం."

డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. దొరబాబు వైద్యం మొత్తం ఇంట్లోనే జరగాలని చెప్పి, నన్ను కూర్చోబెట్టి నేర్పింది. ముందు తిండి పెట్టాలి. తిన్నాడని చూశాకే సూది. మెడ వెనక చర్మం రెండు వేళ్ళతో పైకి లాగితే గుడారంలా లేస్తుంది, అందులోకి వేయాలి. పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి, టైము తప్పకూడదు. గ్లూకోమీటర్ అని షుగర్ చూసే చిన్న మిషను ఉంటుంది, దానికి చెవి అంచున సూదిమొన తగిలించి చుక్క రక్తం తీయాలి. షుగర్ మరీ పడిపోతే హైపో అంటారు. అప్పుడు కాళ్ళు తేలిపోతాయి, ఫిట్స్ వస్తాయి. వెంటనే చిగుళ్ళకి తేనె రాసి తీసుకొచ్చేయాలి.

"పొద్దున నేను ఉండను కాబట్టి నువ్వు వేయాలి, సాయంత్రం నేను వేస్తాను," అంది పద్మజమ్మ. ఫ్రిజ్ తెరిచి చూపించింది. "ఎర్ర మూత సిరంజిలు అమ్మవి. నారింజ రంగు మూతవి దొరబాబువి. వీడికి రెండు యూనిట్లు. యూనిట్ అంటే ఇదిగో, ఈ గీత. రెండు గీతలు. కలపకు."

నేను కలపలేదు, మూడు నెలలు. నాకు అక్షరం రాకపోయినా గీతలు లెక్కపెట్టడం వచ్చు. అంత అనుభవంలో ఏ ఇంట్లోనూ నాకు చదువు రాదన్న సంగతి బయటపడలేదు. మిషనులో అంకె కనబడగానే, "అమ్మగారూ, ఎంతుందో కాస్త చూడండి, కళ్ళజోడు మర్చిపోయాను," అనేదాన్ని. అసలు నాకు కళ్ళజోడే లేదు.

ఆ రోజు దొరబాబు ఉడికించిన చేప ముక్కలు తిని మూతి నాక్కుంటున్నాడు. ఫ్రిజ్ తెరిస్తే నారింజ మూతల ప్యాకెట్టు ఖాళీ. కొత్తది సాయంత్రం తెస్తానని పద్మజమ్మ ముందురోజే చెప్పింది, పొద్దుటికి ఒకటి మిగిలుంటుందనుకుంది కాబోలు. ఫోను చేశాను, ఎత్తలేదు. పరీక్షల డ్యూటీలో ఎత్తదు. టైము ఏడు దాటుతోంది. పక్కనే అమ్మగారి సిరంజిలు, సీలు విప్పనివి. కలపకు అంది గాని, కొత్త సూదికి మైలేముంటుంది, గీత గీతే కదా అనుకున్నాను. ఎర్ర మూత తీసి, దొరబాబు మందే ఎక్కించి, గీతలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు. మళ్ళీ వెలుగులో పెట్టి చూశాను. రెండే. వేశాను. వాడు కదల్లేదు.

పన్నెండు కావస్తుండగా కుర్చీ మీంచి ఏదో పడ్డ చప్పుడైంది. వచ్చి చూస్తే దొరబాబు నేల మీద. లేవబోయి వెనక కాళ్ళు జారి మళ్ళీ పడ్డాడు. నోటి వెంట సొంగ కారుతోంది, కళ్ళు నన్ను చూస్తున్నాయి గాని నేను కనబడడం లేదు. అంతలో ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది.

"తేనె," అన్నారు అమ్మగారు. "సువార్తా, నిలబడతావేంటి, తేనె పట్రా. వాకరు లేకుండా వచ్చానంటే పడిపోతాను, నువ్వే తేవాలి."

వేలికి తేనె ముంచి చిగుళ్ళకి రాశాను. పళ్ళు గీరుకుని రక్తం వచ్చింది. ఎవరిదో తెలియలేదు, నాదే. కూరగాయల బుట్టలో తువ్వాలు వేసి వాణ్ణి పడుకోబెట్టి, పక్కింటావిణ్ణి అమ్మగారి దగ్గర ఉండమని ఆటో ఎక్కాను. పొద్దున వాడిన సిరంజి, మందు సీసా సంచిలో వేసుకున్నాను. ఏమైనా అయితే వాడినవి చూపించాలని నర్సింగ్ హోములో పెద్ద సిస్టరు చెప్పేది. ఆవిడ చెప్పినవాటిలో ఆ ఒక్కటి నన్ను కాపాడిందో, ముంచిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

డాక్టరమ్మ ముందు కాలికి సెలైను పెట్టి గ్లూకోజు ఎక్కించింది. కొట్టుకోవడం ఆగింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఎంత వేశారు ఆంటీ?"

"రెండు గీతలండి. రెండుసార్లు చూసుకున్నాను."

"తిన్నాడా?"

"గిన్నె నాకేశాడండి."

సిరంజి తీసి ఇచ్చాను. తిప్పి చూసింది. "దీని మీద ఏం రాసుంది?" అంది.

"కళ్ళజోడు తేలేదండి."

"పెద్ద అంకెలే ఆంటీ. కళ్ళజోడు అక్కర్లేదు."

ఆ గదిలో తప్పించుకునే దారి లేదు. "నాకు చదువు రాదండి," అన్నాను. నా జన్మలో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఆ అమ్మాయి కోప్పడలేదు. సొరుగులోంచి నారింజ మూత సిరంజి ఒకటి తీసి, రెండింటిలోనూ నీళ్ళు ఎక్కించింది. ఇందులో రెండు గీతలు, అందులో రెండు గీతలు. నన్నే లెక్కపెట్టమంది. తర్వాత స్టీలు ట్రే మీద పక్కపక్కన వదిలింది. నారింజది పెసరగింజంత పడింది. ఎర్రది శనగగింజంత పడింది.

నేను ట్రే మీదికి వంగి చూశాను. రెండూ రెండు గీతలే.

"ఇన్సులిన్ రెండు రకాల చిక్కదనంతో వస్తుంది," అంది. "ఒక ఎమ్మెల్ మందులో నలభై యూనిట్లు ఉండేది ఒకటి, వంద ఉండేది ఒకటి. నలభైదానికి ఎర్ర మూత సిరంజి, వందదానికి నారింజ మూతది. ఏ సీసాకి ఆ సిరంజే వాడాలి. దొరబాబుది వంద రకం. మీరు నలభై సిరంజితో తీశారు. రెండు యూనిట్లు అనుకున్నది అయిదు పడింది."

దొరబాబుని చూస్తే పొట్ట మెల్లగా ఎగిసి పడుతోంది. బతుకుతాడు, సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి అంది. బతుకుతాడని విన్నాక రావాల్సిన నెమ్మది నాకు రాలేదు. ట్రే మీద ఆ రెండు చుక్కల్నే చూస్తున్నాను.

"డాక్టరమ్మా, దీన్నే తిరగేస్తే? నలభై సీసా మందు నారింజ సిరంజితో వేస్తే?"

"అప్పుడు తక్కువ పడుతుంది. ఇరవై గీతలు తీస్తే ఎనిమిది యూనిట్లే. షుగర్ దిగదు. ఎందుకు, అమ్మగారికి అలా వేశారా?"

"లేదండి, ఆవిడకి లేదు," అన్నాను. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

తెనాలి రాకముందు రెండేళ్ళు రేపల్లెలో రత్తయ్య బాబాయి దగ్గర పని చేశాను. పోస్టుమాన్‌గా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో సగం మందికి ఉత్తరాలు తెచ్చి ఇచ్చి, చదివి కూడా పెట్టేవాడట. ఆయన షుగర్‌కి నర్సింగ్ హోము సిస్టరు ఎర్ర మూత సిరంజితో ఇన్సులిన్ మొదలుపెట్టి, నాలుగు పెద్ద గీతలు, అంటే ఇరవై, అని నాకు అప్పజెప్పింది. కొన్నాళ్ళకి బాబాయి, "అమ్మాయ్, పొట్టంతా తూట్లు పడ్డట్టుంది," అన్నాడు. ఆ మాటకి మనసు ఆగలేదు. మందుల షాపుకి వెళ్ళి, సన్నసూదివి ఏమున్నాయని అడిగాను. నారింజ మూతవి చూపించారు. అవే తెచ్చాను. పాత సీసా మందే నాలుగు పెద్ద గీతలు తీసి వేశాను, ఏడాదికి పైగా. "ఇప్పుడు హాయిగా ఉంది," అన్నాడు.

షుగర్ పెరుగుతూనే పోయింది. కోడలు ఝాన్సీ పూతరేకుల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది. "చిన్నపిల్లాడిలా దొంగతిండి ఏంటి మామయ్యా," అనేది. "తినలేదమ్మా," అనేవాడు. నేనూ నమ్మలేదు. పక్క దులిపేటప్పుడు దిండు కింద చెయ్యి పెట్టి వెతికేదాన్ని. ఆయన చూస్తూ ఉండేవాడు. చివరికి చెప్పు కరిచి కాలి వేలికి పుండు పడితే మానలేదు, వేలు తీసేశారు. ఆసుపత్రి మంచం మీద కూడా, "ఒట్టు సువార్తా, నేనేం తినలేదు," అన్నాడు. "ఊరుకోండి బాబాయి, అయిపోయిందేదో అయిపోయింది," అన్నాను, పెద్ద ఉదారంగా.

మా అమ్మాయి పురిటికని ఆ పని మానేశాను. నా బదులు నర్సింగ్ చదివిన పిల్ల వచ్చింది. ఆర్నెల్లకి ఝాన్సీ ఫోను చేసి, "నువ్వు పోయాక మామయ్య బుద్ధిమంతుడైపోయాడక్కా, షుగర్ మొత్తం దిగింది. నిన్నే లోకువ కట్టాడు," అని నవ్వింది. నేనూ నవ్వాను.

సాయంత్రం పద్మజమ్మ రైలు దిగి నేరుగా క్లినిక్‌కి వచ్చింది. దొరబాబు తల ఎత్తి ఆమెను చూసి మియ్యమన్నాడు. జరిగిందంతా చెప్పాను, చదువు సంగతితో సహా. "మూత రంగు చెప్పాను గాని ఎందుకో చెప్పలేదు, తప్పు నాదీ ఉంది," అంది. తర్వాత, "కానీ అక్కా, ఇన్నాళ్ళు అమ్మని నీ చేతుల్లో పెట్టి వెళ్ళాను," అంది.

బాబాయి సంగతి కూడా చెప్పాను. ఆ వేలు దానివల్లే పోయిందని ఎవరూ తేల్చి చెప్పలేరని డాక్టరమ్మ అంది. దానివల్ల కాదనీ చెప్పలేరు కదా.

ఆయాగా చేసే అక్కచెల్లెళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. సిరంజి మీద గీతకి దానంతట దానికి విలువ లేదు. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని చూశాకే గీత లెక్కపెట్టాలి. చదవడం రాకపోతే రాదని చెప్పి, వచ్చినవాళ్ళతో చదివించుకోవాలి. ఇంకోటి, మంచం మీద ఉన్న మనిషి తినలేదంటే, దిండు కింద వెతికే ముందు మన చేతిలో ఉన్నది ఏంటో చూసుకోవాలి.

మర్నాడు పొద్దున పద్మజమ్మ సెలవు పెట్టింది. దొరబాబు తిన్నాడని చూసి, సిరంజి ఆమె చేతికిచ్చి అంకె చదివించుకున్నాకే సూది వేశాను. తర్వాత రేపల్లె రైలెక్కాను. సంచిలో రెండు ఖాళీ సిరంజిలు, ఒకటి ఎర్ర మూతది, ఒకటి నారింజది. వేమూరు దాటాక దిగి వెనక్కి పోదామా అనిపించింది. దిగలేదు.

బాబాయి వసారాలో కూర్చుని ఉన్నాడు. ఝాన్సీ కాఫీ తెస్తానంటే వద్దని, ఆమెనూ అక్కడే నిలబెట్టాను. పళ్ళెం, నీళ్ళు అడిగాను. డాక్టరమ్మ చేసినట్టే రెండు సిరంజిల్లోనూ నాలుగు పెద్ద గీతల నీళ్ళు తీసి పక్కపక్కన వదిలాను. ఒకటి చిన్న మడుగు, ఒకటి పెద్దది. ఏది ఆయనకి వేయాల్సిందో, ఏది నేను వేశానో చెప్పాను. నాకు చదువు రాదని చెప్పాను. పిల్లి వల్ల తెలిసిందని చెప్పాను.

బాబాయి పళ్ళెం వైపు చాలాసేపు చూశాడు. వేలు లేని కాలు కొంచెం వెనక్కి లాక్కున్నాడు.

"పిల్లి బతికిందా?" అన్నాడు.

"బతికింది బాబాయి."

తల ఊపాడు. తర్వాత కోడలి వైపు తిరిగాడు.

"విన్నావా అమ్మా," అన్నాడు. "నేను తినలేదు."