రాఘవయ్య గారు చేపల్లేవన్న చోట

తెనాలి వెంకటరాఘవయ్య గారు జన్మలో చేప తినలేదు. చేపల బజారు మీదుగా పోవాల్సొస్తే ఇంకో సందు వెతుక్కునే మనిషి. అలాంటాయన రిటైరైన రెండో ఏడు, పొద్దున సంధ్యావందనం కాగానే ఫోను పట్టుకుని వరండాలో కూర్చుని, నీళ్లలో చేపలెక్కడున్నాయో చూపించే యంత్రాల గురించి చెన్నై కొట్లవాళ్లతోనూ కొచ్చి కొట్లవాళ్లతోనూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఆయన గొంతు పెద్దది. "జానెడు చేప కూడా కనపడాలండి. మసక మసకగా కాదు, స్పష్టంగా," అనే మాట నాలుగిళ్ల అవతలికి వినపడేది.

"ఇదంతా ఎవరికండి?" అని భార్య విశాలాక్షి గారు అడిగారు, కాఫీ గ్లాసు అందిస్తూ.

"అంద్రెయ మాస్టారికి," అన్నారాయన, అందులో వింతేమీ లేనట్టు.

అంద్రెయ గారిది రేపల్లె. బాపట్లలో ఇంగ్లీషు మాస్టారుగా పదకొండేళ్లు చేశారు. రాఘవయ్య గారు అక్కడే ఓ కాలేజీ ల్యాబుల్లో మీటర్లు, తాసులు, మైక్రోస్కోపులు బాగుచేసే ఉద్యోగి. మాస్టారు రేపల్లె బండి దిగగానే ఇద్దరూ తెనాలి స్టేషన్లో ఒకే బండెక్కేవాళ్లు. అన్నేళ్లు ఎదురెదురు సీట్లలో కూర్చున్న స్నేహం అది. మాస్టారు రిటైరయ్యాక తన చిన్ననాటి కోరిక తీర్చుకోడానికి ఒక కయాక్ తెప్పించుకున్నారు. ఇద్దరు కూర్చుని తెడ్లు వేసుకుంటూ పోయే సన్నటి ప్లాస్టిక్ పడవ. పెనుమూడి దగ్గర కృష్ణలో దాని మీద తిరుగుతూ గాలం వేయాలని ఆయన ఆశ.

"గాలం సంగతి నాకొదిలెయ్యండి. యంత్రం మాత్రం మీరే చూడాలి. ముప్పై ఏళ్లు మీటర్లతో కాపురం చేసినవారు," అన్నారు మాస్టారు.

ఆ మాటతో రాఘవయ్య గారికి ఆరు నెలలు నిద్రాహారాల మీద ధ్యాస తగ్గింది. నీళ్లలోకి విసిరితే ఫోనులో బొమ్మ చూపించే బంతిలాంటి దాన్ని మొదటే కొట్టిపారేశారు. తడి చేతులతో ఎండలో ఫోనెవడు చూస్తాడు? ఏడంగుళాల తెర బావుంది గానీ బ్యాటరీ తాగేస్తుంది. మామూలు బ్యాటరీ పెడితే ఇంకో మనిషిని ఎక్కించుకున్నంత బరువు. సముద్రం లోతులు కొలిచేవి కృష్ణకెందుకు? చివరికి అయిదంగుళాల తెర, తేలికపాటి లిథియం బ్యాటరీ, పోయిన దారినే తిరిగి రావడానికి జీపీఎస్, తిరిగిన మేరా నది అడుగు ఎంత లోతో గీసిపెట్టే సదుపాయం ఉన్నదొకటి ఖాయం చేశారు. దాని పుస్తకం యంత్రం రాకముందే ఫోన్లో రెండుసార్లు చదివారు.

యంత్రం వచ్చింది. కయాక్‌ని పెనుమూడి రేవులో పున్నయ్య అనే పడవతని పాకలో ఉంచారు. మొదటి గురువారం ఇద్దరూ లైఫ్ జాకెట్లు తగిలించుకుని నది మధ్యకి వెళ్లి తెర వెలిగిస్తే, అందులో వచ్చిన మ్యాపు ప్రకారం వాళ్లున్నది పొలంలో.

"వరిచేలో ఉన్నామండి," అన్నారు మాస్టారు తెడ్డు ఆపి.

"మ్యాపు వాళ్లు కృష్ణని సరిగ్గా పట్టించుకోలేదు. మనమే గీసుకుందాం," అన్నారు రాఘవయ్య గారు. ఆయనకి నిజానికి సంతోషమే వేసింది.

ఇంకోటి కూడా చేశారాయన. ఆ యంత్రం అడ్డమొచ్చిన ప్రతిదానికీ ముచ్చటగా ఓ చేప బొమ్మ వేస్తుంది. ఆకు తేలొచ్చినా చేపే, ప్లాస్టిక్ సంచి వచ్చినా చేపే. అది పిల్లలాట అని ఆ బొమ్మలు తీసేశారు. ఇప్పుడు తెర మీద నది అడుగు ఒక మందపాటి చారలా కనిపిస్తుంది. పైన చేప ఉంటే కొడవలిలా వంగిన గీత పడుతుంది. అది చదవడం వచ్చినవాడు పడవలో ఒక్కడే. తెర కూడా ఆయన సీటు ముందే ఉంది. మాస్టారు ముందు సీట్లో, ఆయనకి వీపు పెట్టి కూర్చునేవారు.

రెండో గురువారం వంతెన దిగువన ఒక మడుగు మీదికి పోగానే కొడవళ్లు పడ్డాయి. ఒకటి కాదు, ఆరు. మూడు మీటర్ల లోతులో, ఒకదాని వెనక ఒకటి, తాపీగా. ల్యాబులో అన్నేళ్లు పనిచేసినా ఇంత అందమైన గీతలు చూడలేదనిపించింది రాఘవయ్య గారికి. ఆయన తలెత్తారు. మాస్టారు గాలానికి రొయ్య గుచ్చుతున్నారు.

"ఏమైనా కనపడిందాండి?"

"లేదండి," అన్నారు రాఘవయ్య గారు. "అంతా బురదే."

ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలీలేదు. వచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరలేదు. ఆ తరవాత ప్రతి గురువారం అంతే. చేపలున్న చోట పోటు తిరుగుతోందనీ, నీళ్లు వేడెక్కాయనీ, ఇంకాస్త ముందుకెళ్తే బావుంటుందనీ ఎంతో మర్యాదగా చెప్పేవారు. చేపల్లేని చోట మాత్రం "ఇక్కడ వెయ్యండి మాస్టారూ" అనేవారు. అలా నాలుగు నెలలు కృష్ణలో చేపల్ని కాపాడారు. ఆయన లెక్కలోకి రాని సంగతొకటుంది. ఉత్త చేతులతో ఇంటికి పోలేక మాస్టారు ప్రతి గురువారం రేపల్లె మార్కెట్లో ఆగి చేపలు కొనుక్కుపోయేవారు. గాలానికైతే ఒకటి పడేదో ఏమో, మార్కెట్లో కిలోకి తగ్గకుండా కొనేవారు.

ఒకరోజు మాస్టారి భార్య విజయమ్మ గారు సంచి విప్పి చూసి, "కృష్ణలో సముద్రపు వంజరం పడిందాండి?" అని అడిగారు. "అదీ, ముక్కలు కోసుకుని మరీ గాలం ఎక్కిందా?"

ఆ సాయంత్రమే మాస్టారు బీరువా తెరిచి దేనికోసమో వెతికారు.

నెల తిరిగాక, మళ్లీ వంతెన దిగువనే, మాస్టారు తెడ్డు ఒళ్లో పెట్టుకుని వెనక్కి తిరక్కుండానే చెప్పారు. "రాఘవయ్య గారూ, మీరేమీ అనుకోకండి. ఈ యంత్రం మార్చేద్దామనుకుంటున్నా. మా అబ్బాయి ఫిన్నీ హైదరాబాదులో ఎవర్నో అడిగాడట. మనది సరైన ఎంపిక కాదన్నారట."

"సరైన ఎంపిక కాదా?"

"మీ తప్పని కాదండి. తెలియని సంగతుల్లో ఎవరికైనా జరుగుతుంది."

తెలియని సంగతులు! రాఘవయ్య గారికి చెవులు వేడెక్కాయి. తెర మీద ఒక పెద్ద కొడవలి అడుగుని ఆనుకుని మెల్లగా పోతోంది. నాలుగు నెలల దయ ఒక పక్క, ముప్పై ఏళ్ల ఉద్యోగం ఒక పక్క. ఎంతోసేపు పట్టలేదు.

"కుడివైపు వెయ్యండి," అన్నారు. "రెండున్నర మీటర్లు. అంతకంటే దించకండి."

మాస్టారు వేశారు. నిమిషం గడవలేదు, గాలం కర్ర విల్లులా వంగింది. పడవ అటూ ఇటూ ఊగింది. మూడు కిలోల పండుగప్ప వెండిలా మెరుస్తూ పైకొచ్చి, ఇద్దరి కాళ్ల మధ్యా పడి కొట్టుకుంది. రాఘవయ్య గారికి ముందు కలిగింది సంతోషమే. రెండున్నర అంటే రెండున్నరే, తేడా లేదు. ఆ సంతోషానికి సిగ్గేసింది తరవాత. చేప కదలడం మానేసిందాకా ఆయన వంతెన వైపు చూస్తూ ఉండిపోయారు.

తిరిగొచ్చే దారిలో మాస్టారే మొదలుపెట్టారు. "ఆ యంత్రం పుస్తకం పోయిన నెల్లోనే బీరువాలోంచి తీసి చదివానండి. నలభై పేజీలు. ఇంగ్లీషు చెప్పి బతికినవాణ్ణి, అదెంతసేపు. మెడ తిప్పితే తెర నాక్కూడా కనపడుతుంది."

రాఘవయ్య గారు తెడ్డు ఆపారు. "మరి అడగలేదేం?"

"ఎలా అడుగుతానండి? ఎన్నేళ్ల స్నేహం. మీరంతట మీరే చెప్తారేమోనని చూశా. చెప్పేట్టు లేరు. అందుకే ఫిన్నీ పేరు వాడుకున్నా. వాడికి యంత్రం సంగతే తెలీదు."

రేవు దగ్గరయ్యాక రాఘవయ్య గారు, "వారానికి ఒకటి చెప్తా. ఒక్కటే," అన్నారు. "సరే," అన్నారు మాస్టారు. బేరమాడలేదు.

ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది. ఒకటి పడగానే మాస్టారు గాలం చుట్టేస్తారు. తరవాతి రెండు గంటలూ నది అడుగు గీసుకుంటూ తిరుగుతారు. విజయమ్మ గారు రాఘవయ్య గారి కోసం చేప వాసన తగలని గిన్నె ఒకటి విడిగా ఉంచి, అందులో ఉప్మా చేస్తారు.

మొన్న కార్తీకంలో విశాలాక్షి గారు కృష్ణలో స్నానానికి పెనుమూడి వచ్చారు. మాస్టారు తన సీటు ఆవిడకిచ్చి ఒడ్డున కూర్చున్నారు. చీర మీద లైఫ్ జాకెట్ వేసుకుని ఆవిడ వెనక్కి తిరిగి తెర వంక చూశారు. మడుగు మీద కొడవళ్లు పడటం మొదలైంది. రాఘవయ్య గారు ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించి, లోతెంతో, పొడవెంతో చెప్పుకొచ్చారు. ఆవిడ చాలాసేపు చూసి అడిగారు.

"మనం వాటికి కనపడతామాండి?"

ఆయన పుస్తకమంతా గుర్తు చేసుకున్నారు. ఏ పేజీలోనూ ఆ సంగతి లేదు.

"తెలీదు," అన్నారు.