నిద్రకు వెళ్లిన చలికాలం

దీపావళి అయిన వారానికి మా ఆమె పోయింది. ఆదిలాబాద్‌లో మా ఇంట్లోనే పదకొండు దినాలు గడిచాయి. వచ్చిన చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు బయలుదేరుతుంటే, మా అక్క మాత్రం నా బట్టలు సంచిలో పెట్టడం మొదలుపెట్టింది.

"నిద్రకు రావాలె," అంది.

మాది నల్లగొండ జిల్లా. అక్కడా, పక్కనున్న పాలమూరు పల్లెల్లోనూ, ఇంట్లో మనిషి పోతే దినాలయ్యాక మిగిలినవాళ్లను చుట్టాలు తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి పడుకోబెడతారు. మంచిగా వండిపెట్టి తెల్లారి పంపిస్తారు. దీన్ని నిద్ర చేయడం అంటారు. దగ్గరి చుట్టాలైతే మూడు నిద్రలు. నాకు ఇలాంటివాటి మీద గురి లేదు. ఆదిలాబాద్ అటవీ శాఖ కార్యాలయంలో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో చెట్లను చూసింది తక్కువ, ఇంటికొచ్చి పుస్తకాలు చదివింది ఎక్కువ. దినాల్లో కాకికి ముద్ద పెట్టి అందరూ ఎదురుచూస్తుంటే నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను.

అయితే దవాఖానలో డాక్టరు కూడా నా ఛాతీ చూసి, ఈసారి ఆదిలాబాద్ చలిలో ఉండకండి, ఎక్కడైనా వెచ్చగా ఉండే చోటికి పోండి అన్నాడు. నేను డాక్టరు మాట మీద పోతున్నానని అందరికీ చెప్పాను. మూడు రోజులకని పోయి మాఘమాసం దాకా ఉన్నాను.

అసలు కారణం ఇక్కడే చెప్పేస్తాను. మాకు పిల్లలు లేరు. ఆ ఇంటి తాళం తీసి ఒక్కణ్నే లోపలికి పోవడానికి నాకు భయం. అక్క వెంట బయలుదేరేటప్పుడు తాళం వేసి, ఒకసారి లాగి చూసి, హమ్మయ్య అనుకున్నాను. భార్య పోయిన పన్నెండో రోజు మనిషి హమ్మయ్య అనుకోవడం ఏమిటని బస్సులో చాలాసేపు ఆలోచించాను. నిర్మల్ వచ్చేసరికి అర్థమైంది. అర్థమైనందువల్ల భయం తగ్గలేదు.

అక్క ఊరు దేవరకొండ దాటి కల్వకుర్తి పోయే దారిలో ఉంది. జిల్లాలు ముక్కలయ్యాక ఊరు నల్లగొండలో ఉండిపోయి, బావ వ్యవసాయం చేసే చెలక అవతలి గట్టు నాగర్‌కర్నూల్‌లో పడింది. పొద్దున్నే పలుగు భుజాన వేసుకుని, "నేను జిల్లా దాటి పోతున్న, అన్నానికి వస్త," అని చెప్పి పోయేవాడు బావ. ఎనిమిది గంటలకల్లా వాకిట్లో ఎండ పడేది. నేను కుర్చీ వేసుకుని కూర్చుని, ఎండ జరిగినకొద్దీ కుర్చీ జరుపుకునేవాణ్ని. ఛాతీ నిజంగానే నెమ్మదించింది.

మొదటి చిక్కు కార్తీకంతో వచ్చింది. అక్క ఇంట్లో ఆ నెలంతా మాంసం ముట్టరు. నాలుగో రోజు పొద్దున, నా మూడు నిద్రలు అయిపోయాయి కదా అని సంచి చేతిలోకి తీసుకున్నాను. మనసులో లేకపోయినా మర్యాదకు తీసుకోవాలి.

"ఏడ అయినయి?" అన్నాడు బావ. "నువ్వు తిన్నది పప్పూ పచ్చిపులుసు. ముక్క ముట్టని నిద్ర నిద్రెట్లయితది బామ్మర్దీ? మార్గశిరం రానియ్యి. అప్పటిసంది లెక్క."

"మరి ఈ మూడు రాత్రులు పండుకున్నది?"

"అది ఊకె పండుకున్నట్టు."

అలా పన్నెండు రోజులు ఊకెనే పడుకున్నాను. లెక్క ఇంకా మొదలు కాలేదు. అక్కడ ఉండిపోవడానికి ఇంత శాస్త్రబద్ధమైన కారణం దొరుకుతుందని నేను అనుకోలేదు.

మార్గశిరం రాగానే అక్క ఇంట్లో మూడు నిద్రలూ వరుసగా అయ్యాయి. అక్క కోడలు ఆ సంగతి మా చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పక్కన మటన్ గిన్నె ఫొటో కూడా పెట్టింది. అది చూసి మిగిలినవాళ్లు మేలుకున్నారు. మా మేనత్త కొడుకు ఒకడు అచ్చంపేట నుంచి కారు పంపించాడు. చింతపల్లిలో మా పెదనాన్న కొడుకులు ఇద్దరున్నారు. ఒకే గోడకు అటూ ఇటూ ఉంటారు, ఒకరితో ఒకరు మాట్లాడరు. పెద్దవాడి ఇంట్లో ఒక నిద్ర చేస్తే చిన్నవాడు రెండు అడిగాడు. రెండు చేస్తే పెద్దవాడు మళ్లీ పిలిచాడు. పెద్దవాడు మటన్ పెడితే చిన్నవాడు మటనూ బోటీ పెట్టాడు. మూడో విడత పెద్దవాడు తలకాయ కూర కూడా చేయించాడు. నేను ఆ గోడకు అటొకసారి ఇటొకసారి ఆరు రాత్రులు పడుకున్నాను. ఇల్లు మారినప్పుడల్లా పొద్దున్నే సంచి పట్టుకుని ఒక గేటు బయటికి వచ్చి పక్క గేటులోకి పోయేవాణ్ని. ఎదురింటి ముసలామె రోజూ అరుగు మీద కూర్చుని చూసేది. చివరికి, "ఎవరు గెలిచిండ్రు బిడ్డా?" అని అడిగింది.

"ఇంకా తెలువలే అవ్వా," అన్నాను.

నేను లావయ్యాను. ప్యాంటు గుండీ పట్టలేదు. భార్య పోయినవాడు చిక్కిపోతాడని అంటారు, పుస్తకాల్లో కూడా అలాగే ఉంటుంది. అచ్చంపేటలో ఒకాయన నన్ను చూసి, "పాపం, దుఃఖంల మనిషి ఉబ్బిపోయిండు," అన్నాడు. ఆ మాట అక్కకు చెప్పాను. "ఉబ్బుడు గాదు, బలిసినవు," అంది. బావ లుంగీ ఒకటి నాకిచ్చింది. అప్పటినుంచి నేను లుంగీలోనే దుఃఖపడ్డాను.

ఇదంతా తమాషాగా రాస్తున్నాను కానీ, ఏ ఇంట్లోనూ నేను ఏడవలేదు. ఏడిపించడానికి వాళ్లు పిలవలేదు కూడా. పెళ్లిళ్లు, బోరు బావులు, పత్తికి పట్టిన పురుగు, ఇవే ముచ్చట్లు. ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు, "వదినె ఈ కూర మంచిగ వండేది," అనేవాళ్లు. అప్పుడు అందరం కాసేపు అన్నం కలుపుకునేవాళ్లం.

పుష్యం వచ్చేసరికి చుట్టాలు అయిపోయారు. అదే వారంలో ఆదిలాబాద్ నుంచి మా పక్కింటాయన ఫోన్ చేశాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, విషయం వివరంగా చెబుతాడు. "సార్, మీ కిటికీ చెక్క మీద చెదల మట్టి కనిపిస్తున్నది. బయటి నుంచే ఇంత కనిపిస్తే లోపల ఎంతున్నదో. మీ పుస్తకాల అల్మారా ఆ గోడకే కదా."

వస్తున్నానని చెప్పాను. ఫోన్ పెట్టి కుర్చీ ఎండలోకి జరుపుకున్నాను. నలభై ఏళ్లుగా కూడబెట్టుకున్న పుస్తకాలు అవి. మా ఆమె ఏటా వాటిని ఎండలో పెట్టేది. నెలన్నర తిన్న చెదలు ఇంకో వారం తింటే కొత్తగా పోయేదేముందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వాదన నాకే నచ్చలేదు, అయినా దాని మీదనే ఉండిపోయాను.

అప్పటినుంచి నేనే చుట్టాలను వెతకడం మొదలుపెట్టాను. గుడిలో నిద్ర చేసే ఆచారం కూడా ఉందని ఇంట్లో అందరికీ గుర్తుచేసింది నేనే. బావ పళ్లు తోముకునేవాడు ఆగి నన్ను చూశాడు. "నువ్వు, గుడికి?" అన్నాడు. ముగ్గురం యాదగిరిగుట్టకు పోయి సత్రంలో ఒక రాత్రి ఉండి వచ్చాం. దర్శనం వరుసలో నేను ముందు నిలబడ్డాను. తిరిగొచ్చాక, అక్క వియ్యంకుడి అన్నగారు మిర్యాలగూడలో ఉన్నారు కదా, వాళ్లింటికి పోకపోతే ఏమనుకుంటారో అన్నాను.

"నీకెప్పటిసందిరా గింత చుట్టరికం?" అంది అక్క. "వాళ్ల బిడ్డ పెండ్లికి పిలిస్తే పుస్తకం సదువుకుంట ఇంట్ల కూసున్నవు."

మిర్యాలగూడ కూడా అయిపోయింది. ఇక మిగిలింది స్నేహితులు. డిగ్రీ చదివేటప్పుడు నల్లగొండలో ఐదుగురం ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. వాళ్లలో ఒకడు నార్కట్‌పల్లిలో స్థిరపడ్డాడని తెలిసి నంబరు సంపాదించాను. ఆదిలాబాద్‌లో ఉద్యోగం చేసినవాణ్ని అని మొదలుపెట్టి పేరు చెప్పబోయాను. "నాకు పేర్లు చెప్తవారా? నీ గొంతు నాకు తెల్వదా?" అన్నాడు. భార్య సంగతి చెబితే అయ్యో అయ్యో అన్నాడు. తర్వాత, "రేపే రా. నిద్రకు రా," అన్నాడు.

హైవే పక్కన కొడుకు టైర్ల దుకాణం, దాని వెనక ఇల్లు. వాకిట్లోనే నన్ను కావలించుకుని ఏడ్చాడు. నలభై ఏళ్ల తర్వాత చూస్తున్నాం, ఇద్దరికీ జుట్టు లేదు. లోపల కూర్చోబెట్టి, "మీ తమ్ముడు సర్కిల్ ఇన్స్పెక్టర్ అయిండు గద, ఇప్పుడు ఏడ ఉన్నడు?" అని అడిగాడు. నాకు తమ్ముడు లేడు. "బాగనే ఉన్నడు," అన్నాను. "చెల్లె ఎంత మంచిగ పాట పాడేది," అని కండ్లు తుడుచుకున్నాడు. మా ఆమె పాడగా నేను ఎన్నడూ వినలేదు. రేడియోలో పాట వస్తే కూడా గొంతు తగ్గించమనేది.

విషయం అర్థమైంది. ఆ గదిలో ఉన్న ఐదుగురిలో ఆదిలాబాద్ వైపు ఉద్యోగాలకు పోయింది ఇద్దరం. ఇతను అనుకుంటున్నది ఆ రెండోవాణ్ని. అప్పుడే చెప్పాల్సింది. కానీ వంటింట్లో కోడి ఉడుకుతోంది. చెబితే లేచి రావాలి, వస్తే ఇక పోవడానికి ఎవరూ లేరు, ఇల్లొక్కటే ఉంది. కాబట్టి ఆ సాయంత్రమంతా పాటలు పాడే భార్యను పోగొట్టుకున్న మనిషిగా ఉన్నాను. అతను ఓదార్చిన తీరు మాత్రం చాలా బాగుంది. ఆ ఓదార్పులో కొంత నాకూ పనికొచ్చింది.

తెల్లారి చాయ్ తాగుతుంటే అతని ఫోన్ మోగింది. స్పీకర్ మీద పెట్టి మాట్లాడే అలవాటు అతనికి.

"నా పెండ్లాన్ని ఎందుకు సంపినవురా?" అంది ఫోన్.

నిన్న నేను రాకముందే మా స్నేహితుడు తన పాత క్లాసు గ్రూపులో, ఆ రెండోవాడి పాడే భార్య ఫొటోకు దండ వేసి, ఆత్మశాంతి కోరుతూ పోస్టు పెట్టాడు. అరవై మంది చేతులు జోడించారు. ఆమె వంటింట్లో దోసెలు పోస్తూ చూసుకుంది.

మా స్నేహితుడు ఫోన్‌ను చూశాడు, నన్ను చూశాడు.

"నువ్వు ఆడ ఉంటే," అన్నాడు ఫోన్‌తో, "మరి ఈడ చాయ్ తాగుతున్నదెవరురా?"

నా పేరు చెప్పాను. గదిలో కిటికీ పక్కన పడుకునేవాణ్ని అన్నాను. ఎప్పుడూ చదువుతుండేవాణ్ని అన్నాను. అతను చాలాసేపు ఆలోచించాడు. యాదికి రాలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

"సరె," అన్నాడు చివరికి. "నీ పెండ్లాం అయితే నిజంగనే పోయింది గద?"

"పోయింది."

"మరింకేంది. నిద్ర నిద్రనే. ఇంకింత చాయ్ వోస్త తాగు."

అక్క ఇంటికి తిరిగొచ్చి ఈ సంగతి చెబితే, బావ నవ్వి నవ్వి దగ్గు వచ్చి వాకిట్లోకి పోయాడు. అక్క కూడా కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. తర్వాత కొంగు తీసి, "ఇంక ఎవ్వరున్నరు?" అంది.

"నాయిన మేనమామ వాళ్లు అమ్రాబాద్‌ల..."

"వాళ్లు పోయి పదేండ్లాయె. ఉత్త ఇల్లే ఉన్నది. గోడలు పిలిచినయా నిన్ను?"

నేను లుంగీ ముడి సర్దుకున్నాను.

"నీ ఇంటికి పోను నీకు భయమైతాంది. నాకు మొదటిసందే ఎరుకే."

"ఎరుకైతే ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే పోతవు గద."

చాటలో బియ్యం ముందేసుకుని కూర్చుంది. ఏరడం లేదు. "మరదలు నీకొక్కనికే పోయిందారా?" అంది. "పిల్లను సూసి నీకు జేసింది నేను. ఉత్తరాలున్నప్పుడు ఉత్తరం రాసేది, ఫోన్లొచ్చినంక దినాం ఫోన్ జేసేది. నీ సంగతులన్ని నాకు ఆమెనే చెప్పేది, నువ్వేమన్న చెప్తవా? ఊరంత తిరిగినవు, ఇంటింట్ల తిన్నవు. నన్నెవరన్న నిద్రకు పిలిచిండ్రా?"

నిజమే. ఆచారంలో ఆడబిడ్డకు నిద్ర లేదు. మూడు నెలల్లో ఆచారమంతా నేర్చుకున్న నాకు ఆ సంగతి తట్టలేదు.

"మా ఇంటికి రా అక్కా," అన్నాను. "నిద్రకు."

"సావైన ఇంటికే నిద్రకు పిలుస్తరారా ఎవరన్న?"

"నేను పిలుస్తున్న. మూడు నిద్రలు. ముక్క పెడత."

"గా చలికి నేను సస్తె, నువ్వు మల్ల ఇంకో చలికాలం ఊరంత పండుకుంటవు." అలా అంటూనే లేచి, పెట్టె కింద ఉన్న దుప్పట్లు లాగింది. వాకిట్లోంచి బావ, "తీస్కపోవయ్యా, జర నాకూ నిమ్మలమైతది," అన్నాడు.

హైదరాబాద్‌లో బస్సు మారాం. బావ స్వెట్టరు అక్క వేసుకుని, మఫ్లరు చుట్టుకుని, ఒళ్లో రెండు దుప్పట్లు పెట్టుకుంది. మాఘం సగమైంది, చలి అప్పటికే పలచబడింది. నిర్మల్ దాటాక మఫ్లరు తీసింది. ఇచ్చోడ దగ్గర స్వెట్టరు తీసింది. "ఏడున్నదిరా నీ చలి?" అని నిష్ఠూరంగా అంది, నేను లేనిపోనిది చెప్పి తీసుకొచ్చినట్టు.

ఇంటి ముందు దిగేసరికి పక్కింటాయన గేటు దగ్గరే ఉన్నాడు. కిటికీ చెక్క చూపించాడు. చెదలు ఏ దిక్కు నుంచి వచ్చాయో, ఏ మందు ఏ పాళ్లలో కలపాలో చెప్పడం మొదలుపెట్టాడు. నేను అంత శ్రద్ధగా ఆయన మాట ఎన్నడూ వినలేదు. మందు పేరు రెండోసారి చెప్పించుకున్నాను. అక్క కాసేపు నిలబడి చూసింది. తర్వాత నా చొక్కా జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీసుకుని పోయింది. తాళం తీసిన చప్పుడు, తలుపు కిర్రుమనడం విన్నాను. ఒక్కొక్కటిగా కిటికీలు తెరుచుకున్నాయి. నేను చెదల గురించి ఇంకో ప్రశ్న అడిగాను.

"తమ్మీ," అని లోపలి నుంచి పిలిచింది. "చాపత్త ఏడున్నదిరా?"

"వంటింట్ల ఉంటది చూడు."

"వంటింట్లనే ఉన్న. ఏ డబ్బల?"

పక్కింటాయన మాట ఆపి నా జవాబు కోసం చూశాడు. ముప్పై ఏడేళ్లు రోజుకు మూడుసార్లు తాగిన చాయ్ అది. నాకు తెలియదు.

చెప్పులు విడిచి లోపలికి పోయాను. అలమారలో రెండు వరుసల డబ్బాలున్నాయి, అన్నీ ఒకే రకం. మొదటిదాని మూత తీశాను, కందిపప్పు. అక్క రెండోది తీసింది.